మూడుసార్లు అడిగిన పేరు

మా యంత్రం దగ్గర అబద్ధం చెల్లదని అందరూ అనేవారు. నేనూ అనేదాన్ని, అందరికంటే గట్టిగా. పత్రికలవాళ్ళు వచ్చి అడిగితే మా డాక్టర్ ముకుందరావుగారు కాస్త తగ్గి, నూటికి తొంభై ఎనిమిదిసార్లు సరిగ్గా చెబుతుందనేవారు. మిగతా ఇద్దరూ మరీ ఆరితేరిన అబద్ధాలకోర్లయి ఉంటారు సార్ అని పక్కనుంచి నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా పేరు ప్రసూన. విశాఖపట్నంలో సేతు ప్రయోగశాలలో పదకొండేళ్ళు పనిచేశాను. మేం తయారు చేసినదాని అసలు పేరు అనుబంధమాపని. జనానికి అంత పేరు నోరు తిరగక మనసు తూకం అనేవారు. అదే బాగుందని మేమూ అలాగే పిలవడం మొదలుపెట్టాం.

పరాయి దేశం వెళ్ళాలనుకునే మనిషిని వీసా ఇచ్చేవాళ్ళు ఎన్ని ప్రశ్నలడిగినా, వాళ్ళకి కావలసింది ఒక్కటే. ఈ మనిషి తిరిగి వెళ్ళిపోతాడా, లేక ఇక్కడే ఉండిపోతాడా? దానికోసమే పొలం పట్టాలు, పెళ్ళి ఫొటోలు, ఉద్యోగం చేసేచోటి ఉత్తరాలు అడుగుతారు. వాటన్నిటికీ నకళ్ళు పుట్టించే మహానుభావులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మా వీధిలోనే ఒక ఫొటో స్టూడియో ఆయన పెళ్ళికాని పిల్లకి ఇరవై పెళ్ళి ఫొటోలు మధ్యాహ్నం భోజనంలోపు తీసి ఇచ్చేవాడు. కాగితాన్ని నమ్మలేకపోతే మనసునే అడుగుదాం అని ముకుందరావుగారికి ఆలోచన వచ్చింది.

మొదటి నమూనా తయారైన రోజు నన్నే కూర్చోబెట్టారు. తలకి సన్నటి పట్టీ, గొంతు మీద రూపాయి బిళ్ళంత అతుకు. గదిలో ఇంకెవరూ ఉండరు. రికార్డు చేసిన గొంతు ఒకటి అడుగుతుంది: మీకు బాగా దగ్గరివారు ఎవరు, పేరు చెప్పండి. శేఖర్ అన్నాను. శేఖర్ మా ఆయన. తెర మీద రెండు గీతలు ఒక్కసారే లేచాయి. పైది జ్ఞాపకానిది, కిందది గొంతుది. ఆ పొద్దున్నే కాఫీలో పంచదార గురించి ఆయనతో పోట్లాడి వచ్చాను. అయినా పై గీత తెర అంచుదాకా వెళ్ళింది. అందరూ నన్ను తెగ ఆటపట్టించారు.

తరవాత మాతో పనిచేసే దివాకర్ కూర్చున్నాడు. ముక్కూమొహం తెలియని ఒకమ్మాయి పేరు తన భార్య పేరని చెప్పాడు. గొంతు గీత కదిలింది కానీ జ్ఞాపకం గీత లేవనే లేదు. అద్దె పెళ్ళాలు, అద్దె మొగుళ్ళు ఇలా దొరికిపోతారన్నమాట. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దివాకర్ ఇంట్లో తెలియకుండా ఇష్టపడుతున్న పిల్ల ఒకతె ఉందని మాకు తెలుసు. ఆ పేరు చెప్పమన్నాం. బెట్టు చేసి, నసిగి, చివరికి చెప్పాడు. జ్ఞాపకం గీత ఎగిరి పడింది. గొంతు గీత మాత్రం పేరు బయటికి రాకముందే ముడి పడిపోయింది. అరే, దాచుకునేవాడి గొంతు ఇలా ఉంటుందా అని అందరం చప్పట్లు కొట్టాం. గొంతు అలా ముడిపడితే దాపరికమని యంత్రానికి నేర్పింది నేను. దాపరికం కనిపించిన బంధాన్ని లెక్కలోంచి తీసెయ్యమని నేర్పింది కూడా నేనే.

ఆ తరవాత ప్రయోగశాలలో ఉన్న నలభై మందిమీ కూర్చున్నాం. మా స్నేహితులు, కాలేజీ పిల్లలు, ఐటీ కంపెనీల్లోవాళ్ళు, మొత్తం మూడు వేల మంది. పెళ్ళయిన ఆడవాళ్ళందరూ మొగుడి పేరు నీళ్ళు తాగినంత సులువుగా చెప్పేశారు. అంత సులువుగా చెప్పనివాళ్ళు ఎక్కడైనా ఉంటారేమోనని మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇంకొక ఘనకార్యం కూడా చేశాను. యంత్రం వీసా కేంద్రాల్లోకి వెళ్ళబోయే ముందు, మనిషి చెయ్యి పడకూడదు అని నిబంధన రాశాను. బ్రోకర్లు మా సిబ్బందిని పట్టుకుని ఫలితాలు మార్పిస్తారని నా భయం. కాబట్టి పరీక్షకి వచ్చినవాళ్ళు గదిలో ఒంటరిగా ఉండాలి. లోపల ఏం జరిగిందో బయట మేం చూడకూడదు. గీతలు తెరవడానికి సోమవారం సోమవారం కూర్చునే సమీక్ష సంఘానికి తప్ప ఎవరికీ అధికారం లేదు. ఒకసారి కాదంటే ఆరు నెలల దాకా మళ్ళీ పరీక్ష లేదు. చాలా పటిష్ఠంగా రాశావమ్మా అని ముకుందరావుగారు మెచ్చుకున్నారు.

పరీక్ష పూర్తవగానే ఒక చీటీ వస్తుంది. ఆ మనిషికి ఏయే వీసాలకి వీలుందో అందులో ఉంటుంది. చూసి వచ్చేవాళ్ళ వీసాకి, పర్యాటక వీసాకి తిరుగు అంకె, అంటే మనిషి తిరిగి వస్తాడని యంత్రం వందకి వేసే మార్కు, అరవై దాటాలి. భార్య, భర్త, పిల్లల దగ్గరికి వెళ్ళే కుటుంబ వీసాకి బంధం ఖరారు కావాలి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి తోడుండే వీసాకి రెండూ కావాలి. ఇళ్ళల్లో ఉండి పనిచేసే వీసా మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. ఇంటి మీద లాగుడు ఎంత తక్కువుంటే అంత మంచిది. మధ్యలో ఏడ్చి, మొత్తుకుని వెళ్ళిపోని పనిమనుషులు కావాలని ఆ దేశాలవాళ్ళు అడిగారు, మేం చేసి ఇచ్చాం. అందులో తప్పేముందని అప్పుడు నాకు తోచలేదు.

యంత్రం మొదలై మూడేళ్ళయ్యాక, ఒక సోమవారం పొద్దున్న తామాడ దాలమ్మ వచ్చింది. ఆ వారం నాకు కేంద్రంలో పర్యవేక్షణ పని. వెంట కూతురు ఊర్మిళ ఉంది. ఉద్దానం జీడితోటల్లో నీలపుట్టుగ అనే ఊరి నుంచి, పలాసలో రైలెక్కి వచ్చారు. దాలమ్మకి అరవై ఏళ్ళుంటాయి. జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లగా మాడినట్టున్నాయి. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది. ఊర్మిళే అన్నీ చెప్పింది. తండ్రి లోకనాథం గల్ఫులో ఓడలు బాగుచేసే చోట వెల్డరు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే పని. రెండేళ్ళకోసారి వచ్చి నెలరోజులుండి వెళ్తాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడై ఆసుపత్రిలో పడ్డాడు. గొట్టాలు తీసి విమానం ఎక్కించడం కుదరదని, పది పన్నెండు రోజులకి మించి కష్టమని డాక్టర్లు రాసిన ఉత్తరం తెచ్చింది. ఆయన్ని చూడటానికి అమ్మ వెళ్ళాలి, అంతే. తోడుండే వీసా అయితే రెండు రోజుల్లో వస్తుందని, భార్యే కదా, ఇబ్బందేమీ ఉండదని నేను ధైర్యం చెప్పాను.

మామూలుగా మూడు నిమిషాల్లో అయిపోవాలి. ఆవిడ ఎనిమిది నిమిషాలకి బయటికి వచ్చింది. జాకెట్టు చెమటకి తడిసిపోయింది. ఏమైందమ్మా అంటే ఏమీ లేదన్నట్టు తల తిప్పి, పైట చెంగుతో మూతి తుడుచుకుంది. చీటీ నా చేతికి వచ్చింది. భర్తతో బంధం ఖరారు కాలేదు, దాపరికం కనిపించింది, తిరుగు అంకె పదకొండు.

ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గేస్తోంది. ఆ చీటీ చూడగానే నా మనసులో తోచింది, యంత్రం పొరబడి ఉంటుందేమోనని కాదు. ఈవిడ భార్యే కాదేమోనని. కూతుర్ని పక్కకి పిలిచి, మీ నాన్నకి ఇంకెవరైనా ఉన్నారా, మీ అమ్మకీ ఆయనకీ పెళ్ళి జరిగిందా అని మెల్లిగా అడిగాను. ఊర్మిళ నా మొహంలోకి చూసింది. తిట్టినా బాగుండేది. మా యమ్మకి కాక ఇంకెవుతికండీ ఆయన మొగుడు అంది, అంతే.

సమీక్ష సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చని, సోమవారం వాళ్ళ సమావేశం అప్పుడే మొదలైపోయింది కాబట్టి మళ్ళీ సోమవారం దాకా ఆగాలని చెప్పాను. అప్పటిదాకా ఆయన ఉంటాడో లేదో ఎవరికి తెలుసు? అంతవరకూ మాట్లాడని దాలమ్మ అప్పుడు నోరు విప్పింది.

"సదువు రాదు తల్లీ. ఆ కాగితంలో ఏటేటి రాసుందో మొత్తం సెప్పు."

చదివాను. చూసి వచ్చే వీసా లేదు. పర్యాటక వీసా లేదు. కుటుంబ వీసా లేదు. ఆసుపత్రిలో తోడుండే వీసా లేదు. చివర్న ఒకటుంది, ఇంటిపని వీసా. రెండేళ్ళు కట్టుబడి ఉండాలి. అర్హత చాలా ఎక్కువ అని పచ్చ రంగులో వేసింది యంత్రం. భర్త మీద లాగుడు లేదని తేల్చేసింది కదా, మరి ఇంతకంటే మంచి పనిమనిషి ఎక్కడ దొరుకుతుంది?

ఆయనున్న దేశమేనా అని అడిగింది. ఆ దేశమే అన్నాను. ఎన్నాళ్ళకి వస్తుందని అడిగింది. మనుషులు కావాలని వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు, గురువారానికల్లా విమానం ఎక్కించేస్తారు అన్నాను. రెండేళ్ళదాకా రానివ్వరమ్మా, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఏ ఊళ్ళో ఇల్లు ఇస్తారో తెలియదు, మొదటి మూడు నెలలు ఏం జరిగినా వెనక్కి పంపరు అని అన్నీ చెప్పాను. అన్నీ విడమరిచి చెప్పడం నా ఉద్యోగం, నా ఉద్యోగం నేను చక్కగా చేశాను.

ఊర్మిళ వద్దే వద్దని చెయ్యి పట్టుకుని లాగింది. దాలమ్మ కూతురి చెయ్యి విడిపించుకుంది.

"దేశం ఒకటే అన్నాది గదే. ఆడికెల్నాక కాళ్ళట్టుకుంటాను. ఎవులో ఒకులు సూపించకపోరు."

వేలిముద్ర వేసింది. జీడినూనెకి వేలి గీతలు అరిగిపోయి, నాలుగుసార్లు నొక్కితే గానీ పడలేదు.

మా ఇంట్లో అత్తగారూ మామగారూ మాతోనే ఉంటారు. అత్తగారు సుభద్రమ్మ, విజయనగరం ఆవిడ. ఆ బుధవారం నాకు సెలవు. మధ్యాహ్నం మూడింటికి జనాభా లెక్కల పిల్ల వచ్చింది. నేను వంటింట్లో పకోడీలకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. మామగారు బజారుకి వెళ్ళారు. హాల్లో ఆ పిల్ల అడుగుతోంది, మీ పేరు, మీ వయసు, మీవారి పేరు. అత్తగారు గబగబా చెబుతున్నదల్లా ఆగిపోయింది. ప్రసూనా, ఇలా రామ్మా అని పిలిచింది. నాకు అలవాటే కాబట్టి వంటింట్లోంచే అరిచాను, సన్యాసిరావుగారని రాసుకోమని.

ఆ పిల్ల వెళ్ళాక, సరదాకి అత్తగారిని ఉడికించాను. యాభై ఏళ్ళ కాపురం, మనవలు పుట్టారు, ఇంకా సిగ్గేమిటత్తయ్యా, ఒక్కసారి చెప్పండి చూద్దాం అన్నాను. ఆవిడకీ సరదా పుట్టింది. సోఫాలో సర్దుకుని కూర్చుంది. నోరు తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది. మొహం ఎర్రబడింది. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్ళింది.

"రావడం లేదే. ఇక్కడ పట్టేస్తోంది."

నవ్వుతూ అందా మాట. నేనూ నవ్వబోయాను. ఆవిడ చెయ్యి మేం అతుకు వేసే చోటే ఉంది.

పొయ్యి కట్టేశానో లేదో గుర్తులేదు. చెప్పులు వేసుకుని స్కూటరు తీశాను. కేంద్రానికి వెళ్ళి, నేను రాసిన నిబంధనని నేనే తుంగలో తొక్కి, సోమవారం నాటి గీతలు తెరిచాను. మూడుసార్లు ఆ పేరు చెప్పించింది యంత్రం. మొదట ఆవిడ, మా ఊర్మిళ అయ్య అంది. పేరు చెప్పండి అంది యంత్రం. ఇంటాయన అంది ఆవిడ. పేరు చెప్పకపోతే దరఖాస్తు రద్దవుతుంది అంది యంత్రం. ఆ మాటలు కూడా నేను రాసినవే. అప్పుడు ఆవిడ చెప్పింది. సరిగ్గా వినపడలేదని మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. నిర్ధారణ కోసం ఇంకొకసారి అంది. మూడోసారి కూడా చెప్పింది. మూడుసార్లూ గొంతు గీత ముళ్ళు ముళ్ళుగా బిగుసుకుపోయి ఉంది. పైన జ్ఞాపకం గీత కొలత దాటిపోయి, తెర పైఅంచు దగ్గర తెగిపోయింది. మూడేళ్ళలో మా యంత్రం చూసిన గీతలన్నిటిలోకీ అంత ఎత్తుకి వెళ్ళింది ఇంకొకటి లేదు. మేం దాన్ని లెక్కలోంచి తీసేసి సున్నా చుట్టాం.

ముకుందరావుగారి ఇంటికి వెళ్ళి చూపించాను. ఆయన గీతలన్నీ మొదటినుంచీ చూశారు. తరవాత మా అమ్మ కూడా అంతేనమ్మా అన్నారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. అయితే ఇప్పుడే ఫలితం మార్చండి సార్, రేపు ఆవిడ వెళ్ళిపోతుంది అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు. ఎలా మార్చను ప్రసూనా, మనిషి చెయ్యి పడకూడదని రాసింది నువ్వే కదా, ఇరవై మూడు దేశాలు దానిమీద సంతకం పెట్టాయి, సోమవారం సంఘం కూర్చుంటుంది, నేనే స్వయంగా చెబుతాను అన్నారు. ఆయన తప్పు కూడా కాదు. తలుపు వేసింది నేను, బయట నిలబడి బాదుకుంటున్నదీ నేనే.

గురువారం పొద్దున్న విమానాశ్రయంలో వాళ్ళని పట్టుకున్నాను. దాలమ్మ కొత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల ఒక చీర, జీడిపప్పు పొట్లం. తప్పు మాదని చెప్పాను. యంత్రానికి మీ పద్ధతి తెలియదమ్మా, పేరు చెప్పడానికి మీరు పడ్డ ఇబ్బందిని అబద్ధం అనుకుంది, సోమవారం సరిచేస్తాం, వెళ్ళకండి, మంగళవారానికి మామూలు వీసా మీద పంపిస్తాం, నేరుగా ఆసుపత్రికే వెళ్ళొచ్చు అన్నాను. ఊర్మిళ నా మాట వినమని తల్లిని బతిమాలింది.

దాలమ్మ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది. "సోమారం కచ్చితంగా ఇస్తారా?"

ఇస్తారు అని చెప్పి ఉంటే ఆగిపోయేది. నా నోటిదాకా వచ్చింది. కానీ సంఘంలో ఐదుగురు. అందులో ఇద్దరు పరాయి దేశాలవాళ్ళు, మొగుడి పేరు పలకకపోవడమేమిటని అడిగితే ఎలా చెప్పాలో కూడా నాకు తెలియదు. ఆ రోజు వాళ్ళు కాదంటే, ఉన్న ఒక్క దారీ నేనే మూసినదాన్నవుతాను. పదకొండేళ్ళు అబద్ధాలు పట్టుకునే పని చేసినదాన్ని, ఆ ఒక్క అబద్ధం ఆడలేకపోయాను. ఇస్తారనే అనుకుంటున్నాను అన్నాను.

"అనుకుంటే ఎలాగ తల్లీ. ఆయన ఆగాల గదా" అంది. సంచీ చంకన పెట్టుకుని లేచింది. అంతవరకూ ఎప్పుడూ విమానం ఎక్కలేదు, లోపల దారి ఎటో తెలియదు. ముందు వెళ్తున్నవాళ్ళ వెనకాలే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

సోమవారం సంఘం పది నిమిషాల్లో ఒప్పుకుంది. పరాయి దేశాలవాళ్ళిద్దరూ అందరికంటే ముందు ఒప్పుకున్నారు. ఒకావిడ, తన ముత్తవ్వ కూడా అంతేనని, భర్తని ఎప్పుడూ ఇంటి యజమాని అనే పిలిచేదని చెప్పింది. నేను భయపడ్డదంతా వట్టిదే. దాలమ్మకి తోడుండే వీసా మంజూరు చేస్తూ అక్కడికక్కడే కాగితం ఇచ్చారు. పనివీసా మీద ఉన్న మనిషికి ఇంకో వీసా చెల్లదు కాబట్టి ఆ కాగితం ఎందుకూ కొరగాకుండా పోయింది. దాపరికం అని ముద్ర పడిన చీటీలు ఇంకెన్ని ఉన్నాయో తీయించారు. యాభై దాటిన ఆడవాళ్ళవే ఆరు వందల పన్నెండు. వాళ్ళల్లో ఎంతమంది ఎవరిని చూడటానికి వెళ్దామనుకున్నారో, ఎంతమంది చివర్న పచ్చ రంగులో ఉన్న వీసా పట్టుకుని వెళ్ళిపోయారో. సరిచేశాం కదమ్మా, ఇక ముందు జరగదు అని ముకుందరావుగారు నా భుజం తట్టారు. ఆ చెయ్యి తీసెయ్యండి సార్ అందామనిపించింది.

దాలమ్మకి ఇచ్చిన ఇల్లు ఆసుపత్రి ఉన్న పట్నానికి కారులో నాలుగు గంటల దూరం. ఆ ఇంటావిడ చెడ్డదేమీ కాదట. భాష రాకపోయినా, దాలమ్మ ఆసుపత్రి ఉత్తరం చూపించి కాళ్ళ మీద పడితే లేవనెత్తి, మంచినీళ్ళిచ్చిందట. శుక్రవారం సెలవు, డ్రైవరు ఖాళీగా ఉంటాడు, తీసుకెళ్తాను అని వేళ్ళు లెక్కపెట్టి చూపించిందట. దాలమ్మ అది నమ్మి, శనివారం నుంచి గురువారం దాకా ఆ ఇంట్లో పని చేసింది. శుక్రవారం తెల్లారకముందే తలకి నూనె రాసుకుని, చీర మార్చుకుని, జీడిపప్పు పొట్లం పట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. లోకనాథం అదే పొద్దున్న, ఆవిడ గేటు దగ్గర కూర్చున్న వేళకే పోయాడు.

ఊర్మిళ ఫోన్ చేసి ఇదంతా చెబుతుంటే, నా బుర్ర నా మాట వినకుండా లెక్క వేసింది. ఆగి ఉంటే, మంగళవారం విమానం ఎక్కేది. బుధవారం ఆయన పక్కన ఉండేది. బుధ, గురువారాలు రెండు రోజులు. ఆయనకి తెలివి ఉందని, పక్క మంచం అతనితో కబుర్లు చెప్పేవాడని ఆసుపత్రివాళ్ళు చెప్పారు.

కాగితాలన్నీ పూర్తయి శవమున్న పెట్టె రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. నేను కూడా నీలపుట్టుగ వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, పిలుస్తారని అనుకోవడం కూడా తప్పే. విశాఖలో పెట్టె దిగినప్పటి నుంచి అంబులెన్సు వెనకాలే నా కారు నడిపించాను. చుట్టూ జీడితోటలు, కొబ్బరిచెట్లు, ఇసుక నేల. ఊరంతా వాకిట్లో ఉంది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక వెల్డరో ఫిట్టరో బయటి దేశంలో ఉన్న ఊరు. ఇలాంటి పెట్టెలు వాళ్ళకి కొత్త కాదు, మేకులు ఎలా తీయాలో అందరికీ తెలుసు. కొత్తది ఒకటే, భార్య లేకపోవడం. గాజుల సంగతి ఎలాగ, పసుపు ఎవరు రాస్తారు, ఆ దేశంలో ఆవిడకి ఇవన్నీ ఎవరు చేయిస్తారు అని ముసలమ్మలు గుసగుసలాడుకున్నారు. ఆయన కోసం వెళ్ళినావిడ అక్కడ ఉండిపోయింది, ఆయన ఇంటికి వచ్చేశాడు. ఈ మాట ఒక ముసలమ్మ మామూలుగా అంది. నేను వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆ ఇంటావిడ తన ఫోన్ పది నిమిషాలు ఇచ్చిందట. ఊర్మిళ ఫోన్ ఎత్తి తండ్రి మొహం చూపించింది. తెరలో దాలమ్మ ఏదో వంటింటి గోడకి ఆనుకుని ఉంది. నెత్తికి నల్లగుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు. ఏడుస్తుందని అందరం అనుకున్నాం. ఏడవలేదు. పెదాలు పగిలిపోనాయి, తడిగుడ్డ పెట్టి తుడవమంది. ఆ చొక్కా ఆయనది కాదు, ఇంట్లో ట్రంకు పెట్టెలో నీలంగళ్ళది ఉంటుంది, అది తెమ్మంది. ఎండలో ఎంతసేపు ఉంచుతారు, ఎత్తండి అంది. ఊర్మిళ బిగ్గరగా ఏడుస్తూ అవన్నీ చేసింది.

తరవాత, ఆ ఆపీసమ్మ వచ్చినాదంట గదా, ఓపాలి ఇయ్యి అంది. ఫోన్ నా చేతికి వచ్చింది. నేను క్షమించమ్మా అన్నానో, అనాలనుకుని అనలేదో తెలియదు. ఆవిడ దాని గురించి పట్టించుకోలేదు. మొహం తెరకి దగ్గరగా పెట్టి, కూతురికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"తల్లీ, సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది. పేరెత్తితే మొగుడి ఆయుస్సు తరిగిపోద్దని మా యమ్మ సెప్పేది. నలభై ఏళ్ళు నాను ఎత్తనేదు. ఆ గదిలో ఎత్తకపోతే పంపనన్నాది. మూడుపాల్లు అడిగినాది, మూడుపాల్లూ ఎత్తినాను. అందుకే పోనాడా?"

ఆ ఇంట్లో లోపలి నుంచి ఎవరో ఆవిడని పిలిచారు. దాలమ్మ అటు తిరిగి చూసింది. ఫోన్ తీసుకోవడానికి ఎవరిదో చెయ్యి తెరకి అడ్డం వచ్చింది.

కాదు అన్నాను. కాదమ్మా, కాదు, మీ వల్ల కాదు, మా వల్ల అని గట్టిగా అరిచాను. వాకిట్లో వాళ్ళందరూ నావైపు తిరిగారు. తెర అప్పటికే నల్లబడిపోయి ఉంది. ఆ నంబరుకి తరవాత చాలాసార్లు చేశాను. ఎవరో ఎత్తుతారు, నాకు రాని భాషలో ఏదో చెప్పి పెట్టేస్తారు. ఆవిడ రావడానికి ఇంకా పంతొమ్మిది నెలలుంది. నేను అన్న మాట ఆవిడకి వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు.